ఎనిమిదో తరగతి ముకద్దాలు

“మామా, ఇవి మీ దగ్గరే పెట్టుకోండ్రి.”

శైలశ్రీ నాలుగు ఎర్రగుడ్డ పట్టీలు తెచ్చి సిద్రామప్ప కంచం పక్కన పెట్టింది. జొన్నరొట్టె తుంచుతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. పట్టీలు కుట్టింది ఆయన భార్య రుద్రమ్మ. ఉపాయం ఆయనది. బడికి మోసుకుపోయింది కోడలు. సరుకు వాపసు వచ్చిందంటే పొరపాటు ఎవరి చేతిలో జరిగిందో తేల్చాల్సి ఉంటుంది. తన దుకాణంలో ఆ పని ఎంత బాగా చేస్తాడో, ఇంట్లో అంత తప్పించుకుంటాడు సిద్రామప్ప.

“ఏమైంది బిడ్డా? నిన్నటిదాక మంచిగనే నడిచింది గద.”

“నడిచింది మామా. తరగతిల ఈగ ఎగిరినా ఇనొస్తుంది. గదే నా పరేషాన్.”

రుద్రమ్మ పెనం మీది రొట్టెను తిరగేసింది. “మొన్న పిల్లలు లొల్లి చేస్తున్నరని ఏడిస్తివి. ఇయ్యాల లొల్లి చేస్తలేరని ఏడుస్తున్నవ్. యాకవ్వా, ఎందుకే గిట్ల? నిన్ను ఎట్ల ఖుష్ చెయ్యాలె మేము?”

“నేను ఏడుస్తలేను అత్తమ్మా. చెప్తున్న.”

“పొద్దుగాల్నుంచి చాయ గూడ ముట్టలే. గిది చెప్పుడా?”

శైలశ్రీ గోడకు ఆనుకుని కూర్చుంది. బడి చీర కట్టుకుంది, జడ వేసుకుంది, చేతిసంచి మాత్రం ఇంకా మేకుకే వేలాడుతోంది. శాంతకుమార్ ఇంట్లో ఉంటే భార్యకూ తండ్రికీ మధ్య ఏదో ఒక మాట వేసి నెట్టుకొచ్చేవాడు. అతను కందుల లారీ వెంట బీదర్ పోయాడు.

నారాయణఖేడ్ మార్కెట్‌లో సిద్రామప్పది అడ్తి దుకాణం. కంగ్టి, కల్హేర్, సిర్గాపూర్ రైతులు కందులు, పెసలు తెచ్చి కుప్ప పోస్తే, కొనేవాడిని పిలిచి, ఇద్దరి మధ్యా కూర్చుని బేరం తెంపుతాడు. రైతుకు నోరు ఆయనే, కొనేవాడికి చెవి ఆయనే. ఆ రెండూ నేరుగా కలిస్తే ఇక ఆయన దుకాణం ఎందుకు? అందుకే లోకంలో ఏ పని చెడినా, మధ్యలో ఉండాల్సిన మనిషి లేకపోవడం వల్లనే చెడిందని ఆయన నమ్మకం.

కోడలికి ఎనిమిదో తరగతి ఇంగ్లీషు ఇచ్చిన కొత్తలో, పిల్లల గోల మీద అరిచి అరిచి ఆమె గొంతు పూర్తిగా పోయింది. సైగలతో అన్నం వడ్డించిన ఆ రోజు ఆయనే దారి చెప్పాడు. గుంపులో ప్రతివాడితోనూ పెట్టుకుంటే పని సాగదు. చెరుకు నరకడానికి పోయే గుంపుకు ఒక ముకద్దం ఉంటాడు. ఫ్యాక్టరీవాళ్ళు మాట్లాడేది అతనితోనే. కూలీలను కూడగట్టేదీ అదిలించేదీ వాళ్ళ తరఫున జవాబు చెప్పేదీ అతనే. తరగతిలో నాలుగు వరసలున్నాయి గదా, వరసకొక ముకద్దాన్ని పెట్టు. ఎవడు ఎక్కువ అల్లరి చేస్తాడో వాడి చేతికే ఎర్రపట్టీ కట్టు. మిగతాది వాడే చూసుకుంటాడు.

చూసుకున్నారు. తరగతి అణిగింది. పక్క గది టీచరు ధర్మేందర్ కూడా వచ్చి చూసి, ఏం మందు పెట్టావని శైలశ్రీని అడిగాడట. ఆ మాట సిద్రామప్ప మార్కెట్‌లో చాలామందికి చెప్పాడు.

“నిన్న ఏమైందో సాఫ్‌గ చెప్పు,” అన్నాడు ఇప్పుడు.

“శివరాజ్ సార్ తరగతికొచ్చిండు.”

శివరాజ్ ఆ బడి కరస్పాండెంటు. ఆ పేరు వినగానే సిద్రామప్ప నీళ్ళచెంబు అందుకుని అవసరానికి మించి తాగాడు.

“నుజహత్‌ను లేపిండు. చెరుకు ట్రాక్టర్ నడిపే షఫీయుద్దీన్ బిడ్డ. వాట్ ఈజ్ యువర్ నేమ్ అన్నడు. ఒకటో తరగతి పోరి గూడ చెప్తది. నుజహత్ లేచింది. సార్ దిక్కు చూడలే, నగేష్ దిక్కు చూసింది. నగేష్ లేచి చేతులు కట్టుకొని, హర్ నేమ్ ఈజ్ నుజహత్ సార్ అన్నడు.”

రుద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నవ్వుండ్రి అత్తమ్మా. ముందుగాల సార్ గూడ నవ్విండు. ఇంకో పిలగాన్ని లేపిండు. మీ నాయన ఏం పని చేస్తడని అడిగిండు. గా వరస ముకద్దం లేచి చెప్పిండు. మూడో వరసల గూడ గంతే. అప్పుడు సార్ నవ్వలే.”

“పిల్లలకు సిగ్గుంటది. పెద్దమనిషిని చూస్తే నోరు రాదు.”

“సిగ్గు కాదు మామా. పద్ధతి. సగం మంది తల్లిదండ్రులు పిల్లల్ని హాస్టల్ల ఇడిసి చెరుకు కొట్టనీకి పోతరు. ఆడ ఏ కూలోడన్న సేటుతోని సీదా మాట్లాడుతడా? మాట్లాడితే ముకద్దం ఊకుంటడా? మనం పట్టీ కట్టంగనే, ఎవరు చెప్పకుండనే వాండ్లకు సమజైంది. పట్టీ ఉన్నోడు మాట్లాడాలె, లేనోడు మూసుకోవాలె. నగేష్ వాళ్ళ నాయన అసలైన ముకద్దమే. ఇగ గా పిలగానికి నేను నేర్పేదేముంది?”

సిద్రామప్ప లోపల లెక్క చూసుకున్నాడు. తూకం సరిగ్గానే ఉంది. తూచింది మాత్రం వేరే సరుకు. ఆమెకు కావలసింది నలభై నోళ్ళు, తను ఇప్పించింది నాలుగు. కానీ తప్పు తనదని ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేని బేరం.

“ఉపాయంల ఏం తప్పు లేదు. ముకద్దం పని కాపల వరకే. జవాబు చెప్పంగ నువ్వు ఆపాలె.”

“ఆపిన. నగేషా కూసో, నుజహత్ చెప్తది అన్న. నగేష్ కూసున్నడు. నుజహత్ గూడ కూసున్నది.”

ఈసారి రుద్రమ్మ నవ్వు దాగలేదు. శైలశ్రీ పెదవుల మీదికి కూడా వచ్చి, అంతలోనే వెనక్కి పోయింది.

“సరే, నోరు తెరవకుంటే ఏమాయె,” అన్నాడు సిద్రామప్ప. “చదువు పుస్తకంల ఉంది. చదువుతరు, రాస్తరు, పాసైతరు. నీ నౌకరీ నీకుంటది.”

“మీరు కన్నడం ఏ పుస్తకంల చదివిండ్రు మామా? ఉర్దూ ఏ బడిల నేర్చిండ్రు? మార్కెట్‌ల మాట్లాడి మాట్లాడి వొచ్చింది. తప్పు మాట్లాడితే అందరు నవ్విండ్రు, అయినా మాట్లాడిండ్రు. నా పిల్లలకు గా జాగనే లేకుండ అయింది. చేసింది నేనే. మీరు చెప్పిండ్రు, నేను చేసిన.”

“అంటే నాదే తప్పంటవ్.”

“నేను గట్ల అనలే.”

“అననీకి ఇంకేం మిగిలింది?”

“ఇగ సుమ్నిర్రి,” అంది రుద్రమ్మ భర్తతో. ఊరుకోమని. కోపం వచ్చినప్పుడు ఆమెకు తెలుగు కంటే ముందు పుట్టింటి కన్నడం వస్తుంది. అది వచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరైనా ఊరుకోవలసిందే.

ఇంకో రొట్టె తట్టి పెనం మీద వేసింది.

“నిన్న సార్ ఒక్క మాట అనకుండనే పోయిండు,” అంది శైలశ్రీ నెమ్మదిగా. “తిట్టినా బాగుండు. చిన్నపిల్లలకు పాటలు చెప్పుకుంట ఎన్నో ఏండ్లు ఆగిన, అడిగి అడిగి గీ తరగతి తీసుకున్న. గిది పోతే మాత్రం నేను మళ్ళ అడగను మామా. బడే ఇడిసిపెడత.”

సిద్రామప్ప తుంచిన రొట్టెనే మళ్ళీ తుంచాడు.

శివరాజ్ ఏమీ అనకుండా పోలేదు. నిన్న సాయంత్రం బడి నుంచి నేరుగా దుకాణానికి వచ్చాడు. బస్తాల మీద కూర్చుని చాయ తాగాడు. నీ మొహం చూసి ఆమెను తీసెయ్యను సిద్రామప్పా, ఎనిమిదో తరగతి ధర్మేందర్‌కిస్త, ఆమెను మళ్ళ చిన్నపిల్లలకు పెడత, నువ్వేమంటవ్ అన్నాడు. వానకు తడిసిన కుప్పలో సగమైనా కాపాడుకునేవాడే తెలివైనవాడని సిద్రామప్ప లెక్క. సరే అన్నాడు. చెయ్యి కూడా కలిపాడు. ఇంటికి రాగానే చెబుదామనుకున్నాడు. భోజనాల దగ్గర చెబుదామనుకున్నాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చెబుదామనుకున్నాడు. ఇప్పుడీ పట్టీలు వచ్చి కూర్చున్నాయి.

శైలశ్రీ లేచి సంచి తీసుకుంది. “ఇయ్యాల పట్టీల్లేకుండ పోతున్న. లొల్లి అయితది. కానీ. లొల్లిని ఎట్ల మలుపుకోవాల్నో నేనే చూసుకుంట.”

“ఆగు, నేను దింపుత,” అన్నాడు సిద్రామప్ప.

రుద్రమ్మ ఆయన వంక అనుమానంగా చూసింది. కోడలు బడిలో చేరినప్పటి నుంచి ఏనాడూ ఆయన దింపింది లేదు.

*

ఆయన లెక్క ఒక్కటే. శివరాజ్ నోరు జారకముందే అతన్ని పట్టుకుని, రెండు రోజులు ఆగమనాలి. ఈలోగా ఇంట్లో మెల్లగా చెప్పుకోవచ్చు. కానీ బడికి చేరేసరికి ఆఫీసు గదికి తాళం ఉంది. సార్ సిర్గాపూర్ పోయిండు, జర ఆగితే వస్తడు అన్నారు.

“ఎండల ఎందుకు, లోపట కూసోండ్రి,” అంది శైలశ్రీ. “మీ ముకద్దాలను మీరే చూద్దురు.”

ఆ మాటలో కారం ఉంది. అయినా ఆయన పోయి ఆఖరి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. పిల్లలు తిరిగి తిరిగి చూశారు. వడ్ల మిల్లులో కొత్త కాంటా పెట్టినప్పుడు జనం అట్లాగే చూస్తారు.

శైలశ్రీ మొదట వరసలన్నీ చెదరగొట్టింది. కంగ్టి నుంచి వచ్చే కన్నడం పిల్లలు ఒకచోట, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒకచోట కూర్చునేవాళ్ళు. వాళ్ళను విడదీసి ఇద్దరిద్దరిని కలిపింది. నుజహత్ పక్కన సవిత అనే కంగ్టి పిల్ల పడింది. నగేష్‌ను కిటికీ దగ్గరికి మార్చింది.

నగేష్ ఖాళీ అయిన తన ముంజేతిని చూసుకున్నాడు. “టీచర్, నేనేం తప్పు చేసిన?”

“తప్పు చెయ్యలే నగేషా. మస్తు మంచిగ చేసినవ్. గందుకే తీసేసిన.”

వాడికి ఆ లెక్క అర్థం కాలేదు. సిద్రామప్పకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

“పొద్దుగాల ఏం తిన్నరో ఒకరినొకరు అడగాలె,” అంది శైలశ్రీ. “ఇంగ్లీషుల. తప్పులు పోనీ. మాట రాకుంటే సైగ చెయ్యుండ్రి, కానీ ఎవరి జవాబు వాళ్ళే చెప్పాలె. నేను చెయ్యి లేపితే ఆపాలె. చెయ్యి చూసినోళ్ళు చెయ్యి లేపాలె. నేను అరవను.”

మొదట ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒక మూల నుంచి కిచకిచ మొదలైంది. అది రెండో మూలకు పాకింది. చూస్తుండగానే గది గురువారం అంగడి అయిపోయింది. తెలుగు, కన్నడం, ఉర్దూ అన్నీ కలిసి పొర్లుతున్నాయి. మధ్య మధ్య ఒక్కో ఇంగ్లీషు ముక్క, మట్టిపెళ్ళల్లో కందిగింజలా, వెతికితే దొరుకుతోంది. ఒకడు బెంచీ ఎక్కి రొట్టె ఎట్లా కాలుస్తారో చూపిస్తున్నాడు.

శైలశ్రీ చెయ్యి లేపింది. ఎవరూ చూడలేదు. చెయ్యి అట్లాగే ఉంచింది. ముందు బెంచీలో ఒక పిల్ల చూసి చెయ్యి లేపింది. ఆ పిల్లను చూసి ఇంకొకరు. మిగిలిన గది మోగుతూనే ఉంది. కోడలి మెడ మీద చెమట కనిపిస్తోంది. ఇంత నష్టం కళ్ళ ముందు జరుగుతుంటే సిద్రామప్ప జన్మలో ఊరుకున్నవాడు కాదు.

“ఏయ్, సప్పుడు బందు,” అని అరిచాడు లేచి నిలబడి.

గది గడ్డకట్టింది. బెంచీ ఎక్కినవాడు ఎక్కినట్టే ఉండిపోయాడు. లేచిన చేతులన్నీ దిగిపోయాయి. అందరూ ఆఖరి బెంచీ వైపు తిరిగారు. టీచరును చూస్తున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

“మామా,” అంది శైలశ్రీ. అంతే అంది.

ఆయన కూర్చున్నాడు. చేసిన మేలు నష్టం కింద రాసుకోవలసి రావడం ఆ వయసులో కొత్త సంగతి.

ఆమె మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవలసి వచ్చింది. ఒక్కో బెంచీ దగ్గరికి పోయి, వంగి, అడిగి, నవ్వించి, ఆ చల్లారిన పొయ్యిని మళ్ళీ రాజేసింది. నగేష్ కిటికీ దగ్గర నుంచే ముందు బెంచీకి జవాబు అందిస్తుంటే, పోయి వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. గోల పెరిగింది. ఈసారి చెయ్యి లేపినప్పుడు సగం గది చెయ్యి లేపింది. మిగతా సగం లేపలేదు. ఇది పైకి పోతున్న ధరో, పడిపోతున్న ధరో సిద్రామప్పకు అంతు చిక్కలేదు.

ఒక్కటి మాత్రం చూశాడు. గోల మళ్ళీ లేచినప్పుడు నుజహత్ సవిత చెవి దగ్గరికి వంగింది. ఆ పిల్ల పెదవులు కదిలాయి. సవిత నవ్వింది. ఏ భాషలో కదిలాయో ఆ రొదలో వినపడలేదు.

“ఏంది సిద్రామప్పా, నువ్వు గూడ బడిల చేరినవా?”

గుమ్మంలో శివరాజ్. అతని వెనక బెత్తం చంకలో పెట్టుకుని ధర్మేందర్. పిల్లలు లేచి నిలబడ్డారు.

“నా తరగతి మొత్తం చెవులు మూసుకొని కూసున్నది సార్,” అన్నాడు ధర్మేందర్. “నేను చెప్తలేనా?”

“ఇంటున్న ఇంటున్న. గేటు కాడికే ఇనొస్తుంది.” శివరాజ్ లోపలికి వచ్చాడు. శైలశ్రీ పక్క నుంచే నడిచి, ఆఖరి బెంచీ దగ్గర ఆగాడు. “మరి మన మాట ఇంట్ల చెప్పినవా లేదా? సోమవారం నుంచి ధర్మేందర్ వస్తడు గీ తరగతికి. ఆమె చిన్నపిల్లల కాడికి పోతది. నిన్న ఒప్పుకుంటివి గద.”

సిద్రామప్ప బెంచీలోంచి లేవబోయాడు. మోకాలు ఇరుక్కుంది.

శైలశ్రీ చేతిలో చాక్‌పీసు ఉంది. దాన్ని బల్ల మీద మెల్లగా పెట్టి, మామ దగ్గరికి నడిచి వచ్చింది. “నిన్ననా మామా?”

“సాయంత్రం దుకాణానికొచ్చిండు,” అన్నాడు ఆయన. “నీ మంచికే బిడ్డా. మొత్తం పోకుండ...”

“అంటే పొద్దుగాల నేను మీ ముందట కూసున్నప్పటికే బేరం తెగింది.”

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. అరిస్తే ఎంతో కొంత తీరిపోయేది.

శివరాజ్‌కు ఇంటి గొడవ బడిలో వినడం ఇష్టం లేదు. వాచీ చూసుకున్నాడు. “చెప్పు సిద్రామప్పా. ఏమంటది మీ కోడలు?”

కోడలు మూరెడు దూరంలో నిలబడి ఉంది. ఆమె ఏమంటుందో అతను మామను అడుగుతున్నాడు.

సిద్రామప్ప నోరు అప్పటికే తెరుచుకుంది. మాటలు వరసలో వచ్చి నిలబడ్డాయి. ఏమంటది, సమజ్ చేస్త, చిన్నపిల్ల, రెండు రోజులు టైమియ్యి. బతుకంతా ఆ మాటల మీదే నడిచింది. అప్పుడే ఆయన చూపు కిటికీ మీద పడింది. నగేష్ ఆయన్నే చూస్తున్నాడు. అందరు పిల్లల్లా భయంగా కాదు. ఒక పనివాడు తన పనే చేసే ఇంకో పనివాడిని చూసినట్టు, ఎట్లా చేస్తాడా అని శ్రద్ధగా చూస్తున్నాడు.

సిద్రామప్ప నోరు మూశాడు. “నన్నెందుకు అడుగుతవ్ శివరాజ్,” అన్నాడు చివరికి. “ఆమె పక్కనే ఉంది గద.”

శివరాజ్ మొదటిసారి శైలశ్రీ వైపు తిరిగాడు.

“మా మామ ఒప్పుకున్నరు సార్. నేను ఒప్పుకోలే,” అంది ఆమె. “నిన్న అడిగిన సవాలే మళ్ళ అడగుండ్రి. మీ ఇష్టమొచ్చినోళ్ళను అడగుండ్రి. చెప్పకుంటే సోమవారం దాక ఎందుకు? చాక్‌పీసు ఇప్పుడే ధర్మేందర్ సార్ చేతికిస్త.”

సిద్రామప్ప కళ్ళు మూసుకున్నాడు. కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు గింజలు పైకి తీస్తాడు. ఆ పిడికెడు చూసే కుప్ప మొత్తానికి ధర కడతాడు. అందుకే తెలిసిన అడ్తివాడు మంచి గింజ ఉన్న బస్తాను ముందుకు జరుపుతాడు. ఈ పిచ్చిపిల్ల ఏ బస్తాలోనైనా చెయ్యి పెట్టమంటోంది.

శివరాజ్ వేలు వరసల మీదుగా తిరిగింది. సవిత దగ్గర ఒక్క క్షణం నిలిచి, పక్కకు జరిగి, ఆగింది.

“నువ్వే. వాట్ ఈజ్ యువర్ నేమ్?”

నుజహత్ లేచింది. బెంచీ కిర్రుమంది. శివరాజ్ వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది.

నగేష్ అలవాటు చొప్పున సగం లేచాడు. చేతులు కట్టుకోబోయాడు. ఎందుకో ఒకసారి ఆఖరి బెంచీ వైపు చూశాడు. అక్కడ ముసలాయన రెండు పెదవులూ బిగించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నగేష్ మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. కింది పెదవిని పళ్ళ కింద పెట్టుకున్నాడు.

నుజహత్‌కు చూడటానికి ఇంకో మొహం మిగల్లేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది. ధర్మేందర్ బెత్తాన్ని ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నాడు.

ఆ పిల్ల తల తిప్పి, కరస్పాండెంటు మొహంలోకి చూసి, నోరు తెరిచింది.